గిటారు మెడకు ఎర్రదారం

నగరి మురుగేష్ ప్రాణం పోయిన గిటారుకు మూడు పూటలా అన్నం పెట్టి, మంత్రించిన ఎర్రదారం మెడకు కట్టి, మూడో రోజు పొద్దునకల్లా లేపి కూర్చోబెట్టాడు. లేచిన గిటారు ముందు ఒళ్ళు విరుచుకుని ఆవులించిందట, తర్వాత తన శ్రుతి తానే సరిచేసుకుందట. నమ్మనివాళ్ళు పలమనేరు పోయి విచారించుకోవచ్చు. మెడకు ఎర్రదారం లేని గిటారు ఆ ఊళ్ళో ఇప్పుడు ఒక్కటి కూడా లేదు.

మనిషిని చూస్తే మాత్రం మహిమలు చేసేవాడిలా ఉండడు. యాభై ఆరేళ్ళు. ముక్కిపోయిన వేరుశెనగ పప్పు కొరికినవాడి మొహం. ఆ మొహం ఒక పూట పెట్టుకుని తీసేసేది కాదు, పుట్టుకతో వచ్చింది. తిరుపతి బస్టాండు వెనక సందులో ఆయన అంగడి. లోపలికి హార్మోనియం రావాలంటే మురుగేష్ బయటికి రావాలి, అంత విశాలం. పైన వాసానికి వరసగా గిటార్లు వేలాడుతుంటాయి. వాటి కింద కూర్చుని ఆయన లోకాన్ని రోతగా చూస్తుంటాడు.

వాళ్ళ నాయన నగరిలో మగ్గాల వడ్రంగి. పోగును అటూ ఇటూ మోసే నాడెలు చెక్కేవాడు. "సెక్కకు పానం పోలేదురా, వానకు ఉబ్బుతాది, ఎండకు సిక్కిపోతాది" అని కొడుకు చేతిలో ఉలి పెట్టాడు. ఆ తర్వాత మరమగ్గాలు వచ్చాయి, చెక్క నాడె అడిగేవాడు లేకుండా పోయాడు. మురుగేష్ ఉలి తీసుకుని తిరుపతి బస్సెక్కాడు. కొన్నాళ్ళు హార్మోనియాలు బాగుచేశాడు. ఇంతలో ఊరి చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు మొలిచాయి. మొదటి ఏడు గిటారు కొనడం, రెండో ఏడు దాన్ని మంచం కింద మరిచిపోవడం, మూడో ఏడు మెడ వంకరపోయిందని మురుగేష్ దగ్గరికి పరుగెత్తడం. కాలేజీల్లో ఇంకేం నేర్పినా నేర్పకపోయినా ఇది మాత్రం అందరికీ నేర్పారు.

గిటారు వచ్చిన దిక్కును బట్టి దాని జబ్బు ముందే తెలిసిపోయేది ఆయనకు. పులికాట్ వైపు నుంచి వచ్చింది పొట్ట ఉబ్బి, తీగలు తుప్పుపట్టి, రొయ్యల కంపు కొడుతూ వస్తుంది. ఎండాకాలం కారులో పెట్టి మరిచిపోయిన తిరుపతి గిటారు బంక ఊడి, తీగలు ఆనే వంతెన చెక్క లేచి వస్తుంది. పలమనేరు నుంచి వచ్చేది మంచుకు చెమ్మగిల్లి, జలుబు చేసిన మనిషిలా మూలుగుతూ వస్తుంది. అన్నింటినీ ఒకే అసహ్యంతో అందుకుంటాడు. పక్షపాతం లేదు.

దసరా అయిన నాలుగో రోజు, సోమవారం, పలమనేరు నుంచి ధనశేఖర్ దిగాడు. పాడి రైతు కొడుకు. నలుగురు కలిసి బ్యాండు పెట్టారు. గిటారు ఇతను, పాట పక్కనే నిలబడిన రూపశ్రీ. తక్కిన ఇద్దరు డ్రమ్ములూ కీబోర్డూ.

"అన్నా, మెడ కొంచిం లేసినట్టుండాది, సూడు."

"నేను నీకు అన్ననా? మీ నాయన కంటే పెద్దోడిని. పెట్టె తెరువు."

పెట్టె తెరవగానే ముందు వాసన లేచింది. పులిసిన బెల్లం, కర్పూరం, కొబ్బరినూనె, వాటన్నింటి అడుగున ఆవుల కొట్టం. తర్వాత గిటారు బొక్కలోంచి రెండు బొద్దింకలు, ఇల్లు ఖాళీ చేస్తున్న మొగుడూ పెళ్ళాల్లా ఒకదాని వెనక ఒకటి దిగి వెళ్ళాయి. మెడ మీద అడ్డంగా బిగించిన ప్రతి లోహపు మెట్టుకూ ఎండిన గంధం. గంధం మీద కుంకుమ బొట్టు. బిరడల దగ్గర వాడిపోయిన బంతిపూల దండ.

"ఏందిది?"

"ఆయుధపూజ సేసినామన్నా."

"దీనికా?"

"మాకు ఆయుధం ఇదే కదన్నా."

మురుగేష్ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిందంటే సందులో కుక్కలు కూడా తప్పుకుంటాయి. "నీళ్ళు తగలనిచ్చినారా?"

ధనశేఖర్ బంతిపూల దండ వైపు చూశాడు. జవాబు రూపశ్రీ చెప్పింది. "ట్రాక్టరు కడిగినారు, ఆవుల్ని కడిగినారు, అదే పైపుతో దీన్నీ కడిగినారు. నేను వద్దంటానే ఉండాను."

"సబ్బుతోనా?"

"షాంపూ అన్నా," అన్నాడు ధనశేఖర్ కాస్త గర్వంగా. "సబ్బయితే పాలిష్ పోతాదని."

"ఆరబెట్టింది యాడ?"

"ట్రాక్టరు బానెట్టు మీద. రెండు దినాలు మంచి ఎండ కాసింది."

"తీగలైనా వదులు సేసినారా?"

"సేస్తే శ్రుతి పోతాది కదన్నా!"

మురుగేష్ గిటారు ఎత్తి ఊపాడు. లోపల గలగలమంది. బోర్లించి ఇంకోసారి ఊపితే బొరుగులు రాలాయి, వాటితో పుట్నాలు రాలాయి, చివర ఒక అరటిపండు తొక్క ముక్క రాలింది.

"నైవేద్యం," అన్నాడు ధనశేఖర్ నెమ్మదిగా.

మురుగేష్ లేచి సందులోకి వెళ్ళి ఉమ్మి వచ్చాడు. వాళ్ళ నాయన కూడా ఆయుధపూజ చేసేవాడు. పొడి గుడ్డతో మగ్గం తుడిచి, బరువుకు కట్టిన రాయికి మాత్రం పసుపూ కుంకుమా పెట్టేవాడు. చెక్కకు తడి వేలు తగలనిచ్చేవాడు కాదు. "నీళ్ళు తాగిన మగ్గం గోనెపట్ట నేస్తాది" అనేవాడు. ఆ ముసలాయన ఈ పూజ చూసి ఉంటే మొలకున్న గుడ్డతోనే ఊరు విడిచి సన్యాసుల్లో కలిసేవాడు.

ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాడు. తిరుమల ఘాట్ రోడ్డుకైనా కొంచెం నిటారు ఉంటుంది. నీళ్ళకు చెక్క ఉబ్బింది. బానెట్టు వేడికి బంక మెత్తబడింది. బిగించి ఉన్న తీగలు ఇదే సందని మెడను ముందుకు లాగేశాయి. తీగకూ మెట్టుకూ మధ్య ఎలుక కుటుంబంతో సహా కాపురం పెట్టవచ్చు.

"ఇంకోటి తెచ్చుకోండి. ఇది పొయ్యిలోకి."

"ఊళ్ళో ఇంకా రెండుండాయన్నా," అన్నాడు ధనశేఖర్. "వాటిని కూడా అదే పూజలో కడిగినాం."

అప్పుడు రూపశ్రీ అసలు సంగతి చెప్పింది. వచ్చే ఆదివారం వాళ్ళకు స్టూడియో దొరికింది. తిరుపతిలో నరేంద్ర అనే ఆయన స్టూడియో. భజన పాటలు తప్ప ఇంకోటి రికార్డు చేయడు. ఏడాది పాటు తిరిగితే ఒప్పుకున్నాడు. నాలుగు గంటలు, ఒక్క పాట. శ్రుతి ఒక్కసారి జారిందా, బయటికి, మళ్ళీ ఆ గడప తొక్కే పని లేదు. నిలబడిందా, ఇక ప్రతి ఆదివారం వాళ్ళదే. ఇంతవరకూ వాళ్ళు వాయించింది ధనశేఖర్ కొట్టంలో. డ్రమ్ముల దెబ్బకు ఆవులు తాళానికి సరిగ్గా పాలు చేపడం మొదలుపెట్టాయి, పాట ఆగితే పాలూ ఆగుతున్నాయి. దీపావళి లోపల కొట్టంలోంచి బ్యాండైనా పోవాలి, లేదంటే తాను ఆవులనైనా సంతకు తోలేస్తానని ధనశేఖర్ నాయన చెప్పేశాడు.

"ఈ ఆదివారం పోతే మాకింక పాటే లేదు, అంతే," అంది రూపశ్రీ. ఏడవలేదు. అందుకే మురుగేష్ పెట్టె మూయలేదు.

"ఈడ పెట్టి పోండి. నా కంటికి కనపడొద్దు."

ముందు తీగలు వదులు చేశాడు. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, చిన్న కీతో తిప్పితే మెడ వంపు కొద్దిగా మారుతుంది. ఆ కీ దూర్చే బొక్కలో గంధం సిమెంటులా గట్టిపడి ఉంది. దబ్బనంతో ఒక మధ్యాహ్నమంతా గీకాడు. గీకినంతసేపూ పలమనేరు వంశాలను ఏడు తరాలు వెనక్కి తిట్టాడు. కీ దూరాక పావు చుట్టు తిప్పితే కిర్రుమంది. మర్నాడు ఇంకో పావు తిప్పితే మరీ గట్టిగా కిర్రుమంది. ఇంకా తిప్పితే కడ్డీ విరుగుతుందని చేయి తీసేశాడు. చెమ్మ పీల్చడానికి ఇంట్లో రేషన్ బియ్యం మూటకట్టి తెచ్చి పెట్టెలో గిటారు పక్కన పెట్టాడు.

"పెండ్లాం అడిగితే లేని బియ్యం సెక్కకు వచ్చినాయే," అంది భార్య చంద్రిక.

"నీకు బొద్దింకలు పట్టలేదు," అన్నాడు.

మెడ కొంత దిగింది. కానీ ఇంకో పీడ మిగిలింది. పలమనేరు మంచులో పెరిగిన చెక్క, తిరుపతి ఉక్కలో ఉంది. ఆదివారం పొద్దున నేరుగా పద్దెనిమిది డిగ్రీల ఏసీ గదిలోకి తీసుకుపోతే, పాట సగం కాకముందే చెక్క చిక్కిపోయి మెడ మళ్ళీ కదులుతుంది. ఏ గదిలో పాడాలో ఆ గదిలోనే మూడు రోజులు ముందుగా దాన్ని పడుకోబెట్టాలి. అంటే నరేంద్రను అడగాలి. ఇరవై ఐదేళ్ళుగా మురుగేష్ తిరుపతిలో ఎవరినీ ఏదీ అడగలేదు. గురువారం పొద్దున గిటారు పెట్టె చంకలో పెట్టుకుని బయలుదేరాడు, కాలువలో పడ్డ చెప్పు తీయడానికి పోయేవాడిలా.

స్టూడియో చూసి ఇంకా రోత పుట్టింది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, అట్టల్లో బల్లి గుడ్లు. ఏసీ నీళ్ళు పెయింటు డబ్బాలోకి కారుతున్నాయి. కిటికీ మూల వక్కాకు ఉమ్మి.

"గిటారుకు ఏసీనా?" నరేంద్ర పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా అత్తకే కూలర్‌తో సరిపెట్టినానబ్బా. నీ గిటారు మా అత్త కంటే గొప్పదా?"

"మీ అత్త మెడ నేను సూడలేదు."

నరేంద్ర నవ్వు ఆగింది. సరిగ్గా అప్పుడే బయట జీపు డ్రైవరు "కొండకు, కొండకు, కొండకు!" అని అరిచాడు. గది మధ్యలో నిలబడి అరిచినట్టే వినిపించింది. మురుగేష్ తిరిగి చూశాడు. స్టూడియో తలుపు నాలుగు వేళ్ళ సందుతో ఆగిపోయి ఉంది. దానికి అడ్డంగా ఒక గ్యాస్ సిలిండరు.

"వానలు మొదలైనప్పటి నుంచి మూసుకోలేదు," అన్నాడు నరేంద్ర మొహం పక్కకు తిప్పి. "నెలగా ఏ భజన ఎత్తుకున్నా మధ్యలో కొండకు కొండకు అని వస్తా ఉండాది. ఒక వడ్రంగి వచ్చి అరంగుళం కోసేస్తానన్నాడు. రేపు పిలిచినాను."

"వాడు కోస్తే మార్చికి ఆ సందులో పిల్లి పిల్లల్ని పెడతాది." మురుగేష్ తలుపు అంచు మీద అరచేయి ఆనించాడు. "వానకు ఉబ్బింది. ఎండకు తగ్గేదాన్ని కోయకూడదు. నేను మూయిస్తాను. గిటారు మూడు దినాలు లోపల ఉంటాది, ఏసీ ఆపకూడదు."

"మూసుకోకపోతే?"

"నీ ఇష్టం. గిటారును వేణ్ణీళ్ళకు పెట్టుకో."

సుద్దముక్కతో అంచంతా రుద్ది, తలుపు నెట్టి, చట్రానికి సుద్ద ఎక్కడ అంటుతుందో చూశాడు. అంటింది పైమూల జానెడు మేర మాత్రమే. అక్కడ గోరు మందం చిత్రిక పట్టాడు. కొవ్వొత్తి రుద్దాడు. సిలిండరు పక్కకు జరిపి చిటికెన వేలితో నెట్టాడు. తలుపు "డుబ్" అని మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో నరేంద్రకు పొద్దున తిన్న ఇడ్లీలు అరుగుతున్న చప్పుడు వినిపించింది. తిరుపతిలో అంత నిశ్శబ్దం కొండ పుట్టకముందు ఒకసారి ఉండేదట, మళ్ళీ ఆ గురువారమే.

గిటారు పెట్టె, బియ్యం మూటతో సహా, ఏసీ కింద నీళ్ళు పడని మూల కాపురం పెట్టింది.

ఆదివారం బ్యాండు వచ్చేసరికి మురుగేష్ ముందే ఉన్నాడు. రావద్దని ఎవరూ చెప్పలేదు, రమ్మనీ ఎవరూ చెప్పలేదు. తీగలు బిగించాడు. మెడ పొడవునా మళ్ళీ ఒక కన్నుతో చూశాడు. చూసి మొహం ఇంకొంచెం మాడ్చుకున్నాడు. జేబులోంచి ఎర్ర నూలుపోగు తీసి, తీగలకు తగలకుండా కిందుగా పోనిచ్చి, మెడకు ఒక చోట ముడి వేశాడు. ధనశేఖర్‌ను మూలకు పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ఆ మాట విని కుర్రవాడి మొహం సున్నం కొట్టినట్టయింది. అదే మంత్రమని పలమనేరు వాదన.

పాకాల జంక్షన్లో రైలు తప్పిపోయినవాడి పాట అది. రూపశ్రీ ఎత్తుకుంది. నరేంద్ర కళ్ళు మూసుకుని, శ్రుతి ఎక్కడ జారుతుందా అని పిల్లి ఎలుక బొక్క ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. సగం పాటలో ధనశేఖర్‌కు అలవాటైన ఊపు వచ్చింది. చేయి మెడ మీద కిందికి జారబోయింది. ఎర్రదారం దగ్గరికి వచ్చి, పాము కనబడ్డట్టు ఆగి, వెనక్కి పోయింది. మురుగేష్ అంతసేపూ గోడ మీద బల్లి గుడ్లు లెక్కపెట్టాడు. పదిహేడు. పాట ముగిసింది.

నరేంద్ర కళ్ళు తెరిచాడు. "నేను విన్న గిటారోళ్ళంతా మెడ మీద కోతుల మాదిరి ఎక్కి దిగి సంపుతారు. ఈ పిల్లోడు పొందిగ్గా వాయించినాడు. వచ్చే ఆదివారం రండి."

ఆవులు బతికిపోయాయి. ప్రతి ఆదివారం ఆ తలుపు డుబ్బని మూసుకుంటోంది, లోపల రూపశ్రీ పాడుతోంది.

పీడ మాత్రం మురుగేష్‌కు చుట్టుకుంది. ధనశేఖర్ ఊళ్ళో ఊరికే ఉంటాడా? ఎండాకాలం వచ్చేసరికి పలమనేరు నుంచి, చిత్తూరు నుంచి, ఆఖరికి నగరి నుంచి కూడా గిటార్లు ఎత్తుకుని వస్తున్నారు. దారం కట్టు సామీ, అంటారు. ఒకడు దారానికి పసుపు పూసి తెచ్చాడు. ఇంకొకడు గిన్నెలో పెరుగన్నం తెచ్చి, "గిటారుకు" అని చెప్పి బల్ల మీద పెట్టాడు. మురుగేష్ ఆ గిన్నె వంక చూసిన చూపుకు పెరుగు మళ్ళీ పాలయిపోయింది.

అప్పుడే తీగలు కొనడానికి వచ్చిన రూపశ్రీ నవ్వు ఆపుకోలేక అడిగింది. "మామా, మూడు పూటలా అన్నం పెట్టినావంట, దారం మంత్రించి కట్టినావంట, గిటారు లేసి ఆవలించిందంట. నిజమేనా?"

మురుగేష్ పెరుగన్నం గిన్నెను కాలితో వీధిలోకి జరిపి చెప్పాడు.

"అన్నం లేదు, మంత్రం లేదు. పెట్టింది రేషన్ బియ్యం మూట, అది పనిజేసిందో లేదో నాకు తెలీదు. మెడ ఇప్పటికీ వంకరే. ఐదో మెట్టు దాటితే శ్రుతి తప్పుతాది, దాటొద్దని వానికి సెప్పి, గుర్తుకు దారం కట్టినాను. మగ్గం మీద సీర యాడ నిలపాలో దానికీ ఇట్నే కడతాం."