లొరెట్టా గారి కోపం

డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో పొద్దున ఆఫీసుకు వెళ్తుంటే ఎండ ఎడమ చెంప మీద పడుతుంది. రోడ్డు మీంచి కాస్త చూపు తిప్పానో లేదో కారు టింగుమంటుంది. స్టీరింగ్ వెనకున్న చిన్న కెమెరా నా కళ్ళను కనిపెట్టి చేసే హెచ్చరిక అది. ఇంకొకరైతే విసుక్కుని ఊరుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కెమెరా నాలాంటి ముఖాలను చూడగలిగేలా చేసిన మనిషి పేరు, దాన్ని అమ్ముకున్నవాళ్ళు ఎక్కడా చెప్పరు.

ఆవిడ డాక్టర్ లొరెట్టా. కార్లకు కెమెరాలు చేసిచ్చే ఒక కంపెనీలో నాకు బాస్. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి శాస్త్రవేత్త. కాంతి మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నారు. నేను హెచ్‌-వన్ వీసా మీద చేరిన కొత్తలో ఒక మీటింగ్‌లో ఎవరో నా మాటకు అడ్డొస్తే, "ఆమె ఇంకా చెప్పడం అవలేదు," అన్నారు. గొంతేమీ పెంచలేదు. గదంతా ఆగింది. అప్పటిదాకా నా కోసం ఏ గదీ ఆగలేదు.

ఒక మధ్యాహ్నం పార్కింగ్‌లో కెమెరాను పరీక్షిస్తున్నాం. ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. కారు మోగలేదు. తెర మీద సీటు ఖాళీగా ఉందని వచ్చింది. నన్ను కూర్చోమన్నారు. నేనున్నా ఖాళీయే. మాతో ఉన్న తెల్ల ఇంజినీరు కూర్చుని కళ్ళు మూయగానే మోగింది. కిటికీలోంచి వచ్చే ఎండకు తగ్గట్టు కెమెరా సర్దుకుంటూ మా ముఖాలను చీకట్లో కలిపేస్తోంది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో నల్లగా ఉన్నానని ఫొటోగ్రాఫర్ నన్ను వెనక వరుసలోకి జరపడం గుర్తొచ్చి, అలవాటుగా నవ్వేశాను.

"నవ్వకు, సుజాతా," అన్నారు. "నిద్రలోకి జారేవాళ్ళను లేపడానికి చేస్తున్నాం దీన్ని. నువ్వూ నేనూ నిద్రపోతే పోనీలే అంటోంది."

ఆ వేసవంతా ఆవిడకు అదే పని. ఒక ఫొటో కిటికీ వెలుగును బట్టి, వెంటనే ఇంకొకటి ముఖాన్ని బట్టి తీసి, రెండింటినీ కలిపి కళ్ళను వెతికే పద్ధతి కనిపెట్టారు. అది పనిచేసిన రోజున వాళ్ళ తాతగారి సంగతి చెప్పారు. ఇనుము పోతపోసే కార్ఖానాలో అచ్చులు పగలకుండా ఆయన ఒక ఉపాయం కనిపెడితే, పేరు మేస్త్రీకి పోయిందట. "బానిస ఏం కనిపెట్టినా పేటెంట్ ఇవ్వని రోజులున్నాయి ఈ దేశంలో. చట్టం మారింది. అలవాటు పోలేదు," అన్నారు.

తుది సమీక్షలో డైరెక్టర్, "ఇది అరుదుగా వచ్చే సమస్య. నెక్స్ట్ మోడల్‌లో చూద్దాం," అన్నాడు.

"నల్లవాళ్ళే ఎక్కువున్న మా ఊరు ఊరంతా అరుదా?" అన్నారు లొరెట్టా. "దీని విడుదలకు నేను సంతకం పెట్టను."

"నన్ను కూడా చూడట్లేదు," అన్నాను నేను.

బయటికి వస్తుంటే డైరెక్టర్ నన్ను ఆపి, కంపెనీయే వేసిన నా గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఎంతవరకు వచ్చిందని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన ముఖం పాలిపోయింది. "ప్రాసెస్‌లో ఉండగా ఈ గొడవలో ఎందుకు ఇన్వాల్వ్ అవుతావ్? ఆవిడ సిటిజన్. మనం కాదు," అన్నాడు. ఆ భయంలో తప్పు లేదు. ఆ భయాన్ని పనిముట్టుగా వాడుకున్నవాడి మీద కోపం మాత్రం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

లొరెట్టా గారిని ప్రాజెక్టు నుంచి తప్పించి, ముందుగానే రిటైరయ్యేలా చేశారు. కొన్నాళ్ళకు కార్ల కంపెనీవాళ్ళ పరీక్షలో కూడా అదే లోపం బయటపడింది. దాంతో ఆవిడ పద్ధతినే కెమెరాలో పెట్టారు. పేటెంట్‌కు డైరెక్టర్ పేరు, అతని అసిస్టెంట్ పేరు పెట్టుకున్నారు. ఆవిడ లాయర్‌ను పెట్టుకుంటే నేను సాక్ష్యం చెప్పాను. తర్వాత వచ్చిన లేఆఫ్‌లలో నా ఉద్యోగం పోయింది. వీసా గడువు ముగిసేలోపు ఇంకోటి దొరికింది కాబట్టి ఈ దేశంలో ఉన్నాను.

చివరికి పేటెంట్‌లో ఆవిడ పేరు చేర్చారు. ఆనందం పట్టలేక ఫోన్ చేశాను.

"ఎక్కడ చేర్చారు?"

"వాళ్ళిద్దరి తర్వాత."

"మరి నీకెందుకంత సంతోషం?"

ఆ చలికాలమే ఆవిడ పోయారు. పాత కంపెనీ సంతాపం ప్రకటించింది. ఆవిడ చిరునవ్వు ఎందరికో స్ఫూర్తి అట. ఏం కనిపెట్టారో ఒక్క ముక్క లేదు. నేను ఎరిగిన మనిషి అంత తేలిగ్గా నవ్వేది కాదు.

ఇప్పుడు నా కింద ఒక టీమ్ ఉంది. మొన్న కొత్తవాళ్ళకు ఆ పద్ధతి వివరిస్తూ ఆవిడ పేరు చెప్పాను. "ఎవరు కనిపెడితే ఏముంది మేడమ్, వర్క్ అవుతోంది కదా," అన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకతను. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాను. అతను లంచ్‌కి టైమ్ అవుతోందని గోడ గడియారం వైపు చూశాడు. అయితే కానీ అనుకుని చెబుతూనే పోయాను.