సీనియరు డ్రైవరు

పందొమ్మిది వందల ఇరవైల్లో శృంగవరపుకోట నుంచి అరకు కొండల మీదికి రెండు మోటారు కంపెనీల బస్సులు తిరిగేవి. పెద్ద కంపెనీ చిన్నదాన్ని కలిపేసుకున్న ఏడాది నేనా బస్సెక్కాను. నా పక్కన ఖాకీ చొక్కా మనిషి ఒకడు, బస్సు నడుపుతున్న ముసలి డ్రైవరు కంటపడకుండా తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాడు.

"ఆయనంటే భయమా?" అనడిగాను.

"బయం కాదు బాబూ, సిగ్గు. నాకు ఈ గాటీ రోడ్డులో బస్సు తోలడం నేర్పింది ఆయనే. కంపెనీలు కలిసినాక, సిన్న కంపెనీల సేసిన సర్వీసు సెల్లదన్నారు. ఆయన కొత్తోడైపోనాడు, జీతం తగ్గిపోనాది. పెద్ద కంపెనీ వోణ్ణని నాను సీనియరునైపోనాను. 'ఇది నాయమేనా?' అని కంపెనీ షావుకారు అందరి ముందూ నన్నే అడిగినాడు. ఈ ముసలాయన నా మొకం సూత్తన్నాడు. నాను అవునన్నాను."

అనంతగిరి దగ్గర ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. ముసలాయన డబ్బా పుచ్చుకుని వాగు వైపు నడిచాడు. నా పక్కనున్నతను ఉండబట్టలేక పరుగెత్తి డబ్బా పట్టుకున్నాడు.

"నాను తెత్తాను మావా, ఇలాగియ్యి."

ముసలాయన కోప్పడలేదు. డబ్బా మాత్రం వదల్లేదు. "తవరు కూకోండి బాబూ. సీనియరు డ్రైవర్లు నీల్లు మొయ్యకూడదు," అని వాగులోకి దిగిపోయాడు.

అతను తిరిగొచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"తిట్టినా బాగున్ను బాబూ. ఇన్నాల్లూ నన్ను ఒరే అనీవోడు," అన్నాడు.

అరకులో అందరం దిగాం. డ్రైవరు కనుమరుగయ్యేదాకా అతను మాత్రం సీటులోంచి లేవలేదు.