మొండయ్య మంగోలియా సీసాలు

మణుగూరు కాలనీలో మొండయ్య ఎదురుపడితే బాగున్నావా అని అడగడు. అంగీ జేబులోంచి ఒక చిన్న సీసా తీస్తాడు. మూత తిప్పి మన ముక్కు కింద పెట్టి, "కండ్లు మూసుకో. ఏం వాసన?" అంటాడు. చెప్పేదాకా దారి ఇవ్వడు.

బస్సెక్కి కూర్చుంటే కండక్టరు టికెట్ అడుగుతాడు, మొండయ్య సీసా అడ్డం పెడతాడు. దవాఖానాలో వరుసలో కూర్చున్నవాళ్ళందరికీ వాసన చూపించి, తన వంతు రాగానే లోపలికి వెళ్ళి డాక్టరమ్మకూ చూపించి వచ్చాడు. ఒక పెండ్లిలో పురోహితుడు మంత్రం మధ్యలో ఆపి, "వెల్లుల్లి" అని జవాబు చెప్పి, మళ్ళీ మంత్రం అందుకున్నాడని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మొండయ్య ముప్పై నాలుగేళ్ళు బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన నెలలోనే మేనల్లుడు చందర్ ఆయన్ను హైదరాబాదులో ఒక హోటలుకు తీసుకెళ్ళాడు. అక్కడ మంగోలియన్ బార్బెక్యూ అని ఒకటుంది. గిన్నెలో పచ్చి కోడి ముక్కలు, క్యాబేజీ, నూడుల్స్ మనమే వేసుకోవాలి. వరుసగా పెట్టిన సాసుల్లోంచి గరిటెతో మనకు నచ్చినవి పోసుకోవాలి. బండిచక్రమంత ఇనప పెనం మీద వంటవాడు రెండు పొడుగు కర్రలతో దాన్ని తిప్పి తిప్పి రెండు నిమిషాల్లో చేతికిస్తాడు. అందరూ తిండిని చూస్తుంటే మొండయ్య పెనాన్ని చూశాడు. "మందం ఎంత తమ్మీ?" అని వంటవాణ్ణి అడిగాడు. వంటవాడికి తెలియదు. అయితే నేనే చూస్తానని వంగి వేలు పెట్టాడు.

ఆ బొబ్బ తగ్గకముందే తల్లాడలో ఉన్న బావమరిది గోపాలు దగ్గరికి పోయి, ట్రాక్టరు నాగలిలో అరిగిపోయిన ఇనప పళ్ళెం ఒకటి మోసుకొచ్చాడు. నడిమి రంధ్రాన్ని వెల్డింగుతో మూయించి, నాలుగు రోజులు రుద్ది, పెరట్లో ఇటుకల పొయ్యి మీద ఎక్కించాడు.

ఆయన భార్య అనంతమ్మ గడపలో నిలబడి చూసింది. "దోసె పెనం తెమ్మని నాలుగేండ్ల సంది మొత్తుకుంటే తేలే. ఇప్పుడు పొలం దున్నేది తెచ్చి పొయ్యి మీద పెట్టిండు. గా మంగోలియా యాడుంటది?"

"చైనాకు మీద."

"ఆడ గిట్లనే తింటరా?"

"నేను పోలే గదా, నాకేం ఎరుక?"

పక్క క్వార్టరు హరిప్రసాద్ భార్య రోజారాణి టీచరు. ఆమె ఫోనులో వెతికి, ఈ వంట మంగోలియాలో పుట్టలేదు, తైవాన్‌లో ఎవరో పెట్టిన పేరు అని చెప్పింది. మొండయ్య ఏమాత్రం తొణకలేదు. "ఇరానీ చాయ్ తాగేటప్పుడు ఇరాన్ల అడిగొస్తున్నమా బిడ్డా?" అన్నాడు.

పెనం కుదిరింది. ఇక సాసులు. దంచిన వెల్లుల్లి నీళ్ళలో నానేసి వడగడితే ఒక సీసా, అల్లంతో ఒక సీసా, వేయించి ఆడించిన నువ్వుల నూనె ఒకటి, ఎండుమిర్చి కాచిన నూనె ఒకటి. బెల్లం పాకంలో సోయా పోసి, చన్నీళ్ళలో కలిపిన మొక్కజొన్న పిండితో చిక్కబరిచింది పెద్ద సీసా. ఇప్పపువ్వు దొరికే రోజుల్లో బెల్లం బదులు దాన్నే ఉడికించి పోసేవాడు. అన్నీ ఒకే రకం దగ్గు మందు సీసాలు. ఒక్కదాని మీదా చీటీ ఉండదు. "ముక్కుండంగ చీటీ ఎందుకు?" అనేవాడు.

సరిగ్గా ఆ ముక్కు దగ్గరే హరిప్రసాద్ ఇరుక్కున్నాడు. ఈ కథలో బకరా ఆయనే. ఆ మాట మనం అనక్కర్లేదు, ఎవరు కదిలించినా ఇప్పుడు ఆయనే చెప్పుకుంటాడు.

హరిప్రసాద్ బొగ్గు యార్డులో సూపర్‌వైజరు. భార్య ఉద్యోగం తల్లాడ దగ్గర, శనివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున బస్సెక్కుతుంది. మూడు వానాకాలాల కిందట ఆయనకు ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది ఆయన వాసన పట్టుకుపోయింది. ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుక మీద తెలుస్తాయి. అంతకు మించి ఏమీ లేదు. పప్పైనా పాయసమైనా నోట్లో మెత్తగా ఏదో ఉన్నట్టుంటుంది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎండాకాలం బొగ్గు కుప్పలు లోలోపల రాజుకుంటాయి. పొగ కంటే ముందు వాసన వస్తుంది. ఆ వాసన పట్టడమే సూపర్‌వైజరు పనిలో సగం. ముక్కు పోయిందంటే ఈ కుర్చీ ఉంచుతారా? ఒకనాడు ఒక కుప్పకు వీపు ఆనించినంత దగ్గరగా నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. కింద పనిచేసే ధన్‌సింగ్ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మీ ఎనకనే రాజుకుంటుంది! వాసన వస్తలేదా?"

"జలుబు, ధన్‌సింగ్."

అప్పటికి ఆ జలుబు ఏడు నెలలది. ఆనాటి నుంచి ప్రతి రౌండుకూ ధన్‌సింగ్‌ను ముందు నడిపించి, తాను వెనక గంభీరంగా నడిచేవాడు.

ఇంటి దగ్గరేమో ఈ సీసాల మొండయ్య! పొద్దున ఆరింటికి డ్యూటీకి పోయేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, నాలుగు సీసాలతో గోడ పక్కన ప్రత్యక్షం.

"కండ్లు మూసుకో హరీ. ఇరవై లెక్కపెట్టేదాక పీల్చు. ఏమొచ్చింది?"

రాలేదని ఎలా చెప్పడం? హరిప్రసాద్ మూడు జవాబులు తయారుచేసుకున్నాడు. "సోయా జర ముందుకొచ్చింది కాకా." "అల్లం ఎనకబడ్డది." "ఇంకొక్క ఉడుకు రావాలె." మూడింటినీ వరసగా తిప్పేవాడు. మొండయ్య చెవి మీది పెన్సిలు తీసి చిన్న పుస్తకంలో శ్రద్ధగా రాసుకునేవాడు. ఒకరోజు వట్టి వెల్లుల్లి నీళ్ళకు అల్లం వెనకబడిందన్నాడు హరిప్రసాద్. మొండయ్య తలూపి, "నిజమే బిడ్డా, అసలు ఎయ్యనేలే," అన్నాడు.

అంత నమ్మకంగా చెప్పేవాడికి పేరు రాకుండా ఉంటుందా? పదిరోజులకు కాలనీ అంతా హరిప్రసాద్ సార్ నాలుక గొప్పదనే మాట పాకింది. గేటు దగ్గర మిర్చి బజ్జీలు వేసే జంపక్క పచ్చడి తెచ్చి, "జర చూసి చెప్పు సారూ," అని నిలబడింది. హరిప్రసాద్ కళ్ళు మూసుకొని, నాలుక ఆడించి, "ఇంకొక్క ఉడుకు రావాలె," అన్నాడు. అది పచ్చి దోసకాయ పచ్చడి. జంపక్క దాన్ని తీసుకెళ్ళి ఉడకబెట్టింది. తప్పు తనదే అనుకుంది, పాపం.

అక్కడితో జాగ్రత్త పడాల్సింది. పడలేదు. పొగడ్త కూడా ఒక రుచే, దానికి ముక్కుతో పనిలేదు. కొన్నాళ్ళకు హరిప్రసాద్ తనకు నిజంగానే ఏదో తెలుసని నమ్మడం మొదలుపెట్టాడు. ఎవరింట్లో తిన్నా గరిటె చప్పరించి ఒక్క క్షణం ఆకాశంలోకి చూసేవాడు.

ఏడాదిన్నర ఇలా గడిచాక, డంపర్ ఆపరేటర్ బొజ్జయ్య రిటైరయ్యాడు. ఆదివారం మధ్యాహ్నం యాభైమందికి తన పెరట్లో మంగోలియా విందు అన్నాడు మొండయ్య. వెదురు కర్రలు పట్టుకొని తాను పెనం దగ్గర, సాసుల పెత్తనం హరిప్రసాద్‌కు. రోజారాణి కూడా వచ్చింది. హరిప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

అంతా బాగానే సాగింది. కోడి ముక్కలు చుయ్యిమన్నాయి, క్యాబేజీ మెత్తబడింది, సాసు పడి నూడుల్స్ నిగనిగలాడాయి. మంట లాగేసి, "ఇగ నువ్వుల నూనె పొయ్యి హరీ, ఆఖరికి గదే!" అన్నాడు మొండయ్య. చేతిలో సీసా అయిపోయింది. హరిప్రసాద్ కిటికీలో ఉన్న అలాంటిదే ఇంకో సీసా అందుకుని, పెద్ద వంటవాడిలా చెయ్యి పైకెత్తి, ధార కట్టి పోశాడు.

అది అనంతమ్మ మోకాళ్ళ నూనె.

కాలిన ఇనుము మీద పడగానే కర్పూరం, పుదీనా పువ్వు, పేరు తెలియని వేర్లు అన్నీ కలిసి ఒక్కసారిగా లేచాయి. ముందు వరుస దగ్గింది. రెండో వరుస లేచి నిలబడింది. రోజారాణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గోడ మీది పిల్లి గోడ దిగింది. ఆ పొగ మధ్యలో హరిప్రసాద్ ఒక్కడే కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి, "ఆహా! ఇప్పుడు కుదిరింది కాకా! గిదీ అసలు మంగోలియా!" అన్నాడు.

కళ్ళు తెరిచేసరికి యాభైమంది ఆయన్నే చూస్తున్నారు. ఏం జరిగిందో తెలియదు, ఏదో జరిగిందని మాత్రం తెలిసింది. సీసాను వెలుగుకెత్తి చూశాడు, దాని మీదా చీటీ లేదు. ధన్‌సింగ్ నోరు తెరిచి, "సార్, మీకు..." అన్నాడు.

మొండయ్య వెదురు కర్ర ఠక్కున పెనం మీద కొట్టాడు. "నేనే చెప్పిన పొయ్యమని! బొజ్జన్నా, ముప్పై ఏండ్లు డంపర్ తోలి మోకాళ్ళు అరగదీసుకుంటివి. పైన రాస్తే తగ్గుతలేదంటివి గదా, లోపలికెల్లి ఇద్దామనుకున్న!"

బొజ్జయ్య మోకాళ్ళు పట్టుకుని మరీ నవ్వాడు. పెరడంతా నవ్వింది. మొండయ్యకు పిచ్చి ముదిరిందని అందరూ ఒప్పుకున్నారు. పెనం కడిగి రెండో వాయి వేశారు.

అందరూ తిని వెళ్ళాక మొండయ్య పెనం తోముతుంటే హరిప్రసాద్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"కాకా, నాకు వాసన రాదు."

"తెల్సు."

"ఎప్పటి సంది తెల్సు?"

"నీ ఇంట్ల పాలు పొంగిన రోజు సంది."

హరిప్రసాద్‌కు గుర్తుంది. స్టవ్ మీద పాలు పెట్టి పేపరు చదువుకుంటున్నాడు. మొండయ్య ఏదో పానా అడగడానికొచ్చి, లోపలికి పోయి, పాలు పొంగాయని చెప్పి, కిటికీలు తలుపులు తెరిచి వెళ్ళిపోయాడు.

"పాలు పొంగి మంట ఆరింది బిడ్డా. గ్యాసు వస్తనే ఉన్నది. వీధిల నాకు కొట్టింది వాసన. నువ్వు రెండు గజాల దూరంల కూసోని పేపరు చదువుతున్నవ్." మొండయ్య పెనం బోర్లించాడు. "డాక్టరమ్మను అడిగిన. ఎవరికో ఏందో చెప్పలే. ఘాటైనవి నాలుగు రకాలు రోజూ రెండుసార్లు పీల్పియ్యి, కొందరికి వస్తది, కొందరికి రాదు అన్నది. నా కాడ సాసులు ఉండనే ఉన్నయ్."

"మరి కాలనీ అందరికి ఎందుకు చూపిస్తివి?"

"నీ ఒక్కనికే చూపిస్తే వాని ముక్కుకేమైందని అడుగుతరు. అందరికి చూపిస్తే మొండయ్యకు పిచ్చి లేసిందంటరు. అననీ. నేను రిటైరైన, నాదేం పోతది? నీకింకా పదకొండేండ్ల సర్వీసున్నది."

హరిప్రసాద్‌కు ఇంకో అనుమానం వచ్చింది. "మరి నేను సోయా ముందుకొచ్చిందంటే పుస్తకంల రాసుకుంటివి గదా?"

"రాసుకున్న. 'ఇయ్యాల గూడ రాలే' అని రాసుకున్న."

ఏడాదిన్నర తాను ఆకాశంలోకి చూసిన చూపులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగి హరిప్రసాద్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు నవ్వు వచ్చింది. తర్వాత వేరేదేదో రాబోయింది గాని, మళ్ళీ నవ్వే గెలిచింది.

ఆ సాయంత్రమే రోజారాణికి చెప్పాడు. ఆమె కోప్పడింది, ఏడ్చింది, ఆ తర్వాత, "అయితే నా వంట మస్తుందని ఇన్నాళ్ళు అన్నది అబద్ధమా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన దగ్గరున్న మూడు జవాబులూ పనికి రాలేదు. మర్నాడు మేనేజరుకు చెప్పాడు. కుర్చీ ఏమీ ఊడలేదు. రౌండ్లకు ఇద్దరు వెళ్ళాలని కాగితం మీద రాసిచ్చారు, అంతే. ధన్‌సింగ్‌కు చెబితే అతను బూట్ల లేసు కట్టుకుంటూ, "నాకెరుకనే సార్. రెండేండ్ల జలుబు ఎవరికుంటది?" అన్నాడు.

ఇక దాచేదేమీ లేదు గనుక సీసాలు మానేద్దామన్నాడు హరిప్రసాద్. మొండయ్య వినలేదు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. ఇప్పుడు మాత్రం నిజం చెప్పేవాడు. "రాలే కాకా." "రాలే." "ఊహూఁ."

మాఘమాసంలో ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు. మొండయ్య కొత్త సాసు తెచ్చాడు. రెండు రోజులు కష్టపడి కాచింది, ఇదే తన జీవితంలో గొప్ప సాసు అన్నాడు. హరిప్రసాద్ కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నాడు. పదకొండు దగ్గర ఆగిపోయాడు. ముఖం వంకర పోయింది. సీసాను దూరంగా తోశాడు. మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"కాకా... ఏమనుకోకు. కంపు కొడుతుంది. వెల్లుల్లి మాడింది."

మొండయ్య సీసా గోడ మీద పెట్టి, హరిప్రసాద్ రెండు భుజాలూ పట్టుకుని ఊపి, వీధి మొత్తం లేచేలా అరిచాడు. "అనంతా! జల్దీ రా! నా సాసు కంపట! ముక్కుల చొరబడ్డదట! నా సాసు కంపట!"

అనంతమ్మ చీపురుతోనే బయటికొచ్చింది. గోడ మీద ఎగిరి కూర్చున్నంత పని చేస్తున్న మొగుణ్ణీ, కళ్ళు తుడుచుకుంటూ సీసా మళ్ళీ మళ్ళీ వాసన చూస్తున్న హరిప్రసాద్‌నూ చూసింది.

"రెండేండ్ల సంది గదే మాట నేను చెప్తున్న," అంది. "నేనన్నప్పుడు ఒక్కనాడన్న గింత సంబురపడ్డవా?"