తవిటమ్మ నూలు

పొందూరులో సన్ననూలు వడికేదెవరంటే ఒకప్పుడు రెండు పేర్లు చెప్పేవారు: దాలమ్మ, తవిటమ్మ. పక్కపక్క ఇళ్లు. ఒకే అరుగు మీద కూర్చుని, వాలుగ చేప దవడతో పత్తి దువ్వుకుని, రాట్నాలు తిప్పేవారు. ఎవరి దారం సన్నమో తేలక ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా పోట్లాటే.

పంతొమ్మిది వందల అరవై ఐదులో వంశధార మీద పడవ తిరగబడి తవిటమ్మ మొగుడూ కొడుకూ పోయారు. ఆవిడొక్కతే బతికి బయటపడింది. ఏడాదిపాటు రాట్నం ముట్టలేదు. ముట్టిన రోజు నుంచీ ఊరంతా ఒకటే పాట! అంత కష్టం దిగమింగింది కాబట్టే ఆ చేతికి అంత నేర్పు వచ్చిందట. దాలమ్మ పేరెత్తిన పాపాన ఒక్కరూ పోలేదు.

దాలమ్మకి ఒళ్లు మండిపోయేది. తన మొగుడు నిక్షేపంలా ఉన్నాడు, పిల్లలు గుండ్రాళ్లలా ఉన్నారు. అదేనా తను చేసిన నేరం? ఛీ, ఇదేం పాడుబుద్ధి అని లెంపలేసుకునేది. మర్నాడు మళ్లీ మామూలే.

మూడేళ్లకి ఖాదీ కేంద్రంలో ఆడపిల్లలకి వడుకు నేర్పే ఉద్యోగం పడింది. దాలమ్మ దానిమీదే ప్రాణం పెట్టుకుంది. ఇద్దరూ తాము వడికిన నూలు చుట్టిన చిలపలు పట్టుకెళ్లారు. కేంద్రం పెద్ద కూర్మనాథం గారు వాటిని తాకనైనా తాకకుండా, “దుఃఖం నేర్పిన చెయ్యి తవిటమ్మది, ఇంక చూసేదేముంది?” అనేశారు.

దాలమ్మ ఆగలేకపోయింది.

“పడవేటి బాబూ, దీనికి వడుకు నేర్పినాది? పడవకి ముందూ దీని నూలింతే సన్నం! పక్కన కూకుని సూసి సూసి ఇరవై ఏళ్లుగా నా కడుపు మండతన్నాది!”

అక్కడున్నవాళ్లంతా దాలమ్మని దుమ్మెత్తిపోశారు. తవిటమ్మ లేచి వచ్చింది. చెంప పగలడం ఖాయమనుకుని దాలమ్మ కళ్లు మూసుకుంది. తవిటమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“మూడేళ్లయినాదే, ఈ మాట ఎవులూ అన్నేదు. నా కొడుకు పోబట్టే నాకీ పనొచ్చినాదని మెచ్చుకుంతన్నారే! ఇనలేక సచ్చిపోతన్నాను.” కూర్మనాథం గారి వైపు తిరిగింది. “బాబూ, తక్కెడ తెండి.”

రెండు చిలపలూ ఒకే పొడుగు. తక్కువ తూగినదే సన్నం. తవిటమ్మ చిలప వెంట్రుకవాసి పైకి లేచింది. ఉద్యోగం ఆవిడదే.

దారిపొడుగునా దాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే నడిచింది. గుమ్మం దగ్గర తవిటమ్మ అడిగింది, “ఏటే, ఏడుస్తన్నావా?”

“ఏడవనా మరి! నీ సెయ్యిరిగిపోనూ, అంత సన్నంగా ఎలా తీసేవే?”

తవిటమ్మ పకపకా నవ్వేసింది. పడవ మునిగాక ఆవిడ నవ్వు దాలమ్మ వినడం అదే మొదలు.