మూడు బోర్లు, ఒక్క ప్రార్థన

భూగర్భ జలాల శాఖలో నా చివరి పోస్టింగు తమిళనాడులోని ధర్మపురి. హోదా సహాయ భూవిజ్ఞాన అధికారి. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుందనగా, ఏప్రిల్ మొదటి వారంలో, హరూర్ వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న చర్చి వారి ఆడపిల్లల హాస్టలుకు బోరు పాయింటు చూసి పెట్టమని ఫైలు వచ్చింది. పైన ఎర్ర సిరాతో ‘అర్జెంటు’ అని రాసి ఉంది. మా ఆఫీసులో ఆ మాట లేని ఫైలు ఉండదు కాబట్టి నేను పట్టించుకోలేదు. తీరా వెళ్ళి చూస్తే అది నిజంగానే అర్జెంటు.

హాస్టల్లో నలభై మంది పిల్లలు, అందరూ కొండ ఊళ్ళవాళ్ళు. బావి ఫిబ్రవరిలోనే ఎండిపోయింది. పక్క రైతు మోటారు వేసినప్పుడు బిందెలతో మోసుకొచ్చుకుంటున్నారు. వచ్చే సోమవారం తాలూకా నుంచి తనిఖీకి వస్తారు. సొంత నీటి వసతి చూపించకపోతే జూన్ నుంచి హాస్టలు నడపడానికి అనుమతి ఉండదు, పిల్లల్ని ఊళ్ళకు పంపేయాలి. ఆ పంపడం అంటే ఏమిటో వంటమనిషి రూతమ్మ నాకు విప్పి చెప్పింది.

“ఇంటికి పోయిన ఆడబిడ్డ మళ్ళా పుస్తకం పట్టుకోని రాదు సార్. మేకల ఎనక పోతాది, లేకుంటే మొగుని ఎనక పోతాది.”

రూతమ్మకు యాభై దాటాయి. ఒకప్పుడు తానూ ఆ హాస్టల్లో చదువుకున్న పిల్లే. చదువు అయ్యాక వంటింట్లోకి వచ్చి, ఇక అక్కడినుంచి కదల్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడే కుటుంబం, మా ఊరు మహేంద్రమంగళం వాళ్ళలాగే. ఆమె మాట వినగానే మా అవ్వ గుర్తొచ్చి, ఆమె ఇచ్చిన మజ్జిగ రెండు గ్లాసులు తాగాను. తాగాను గానీ ఆమెను ఏమీ అడగలేదు.

మా పద్ధతి కొంచెం చెప్పాలి. నేలలో నాలుగు ఉక్కు కడ్డీలు ఒకే వరసలో దిగ్గొడతాం. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఎంత వోల్టేజి వచ్చిందో మీటరులో చూస్తాం. కడ్డీలను దూరం జరుపుతూ పోయినకొద్దీ ఇంకా లోతున ఉన్న సంగతి తెలుస్తుంది. గట్టి బండ కరెంటును పోనివ్వదు, నీళ్ళున్న పగులు పోనిస్తుంది. రీడింగు ఎక్కడ పడిపోతే అక్కడ ఆశ. అయితే ఇదంతా మొదలుపెట్టే ముందు ఫారంలో ‘స్థానిక విచారణ’ అనే గడి ఒకటి నింపాలి. పాత బావులు, పూడ్చిన గోతులు, భూమిలో పైపులు ఎక్కడున్నాయో ఆ చోట బతికినవాళ్ళను అడిగి రాసుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ గడిలో ‘విచారించడమైనది’ అని రాస్తూ వచ్చాను. ఎవర్ని అని ఎవరూ అడగలేదు. ఆ రోజు కూడా జీపు దిగకముందే రాసేశాను.

మా జిల్లాలో నీళ్ళు చూసేవాళ్ళకు కొదవ లేదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని నడిచేవాడొకడు, వేప పంగలకర్ర పట్టుకుని తిరిగేవాడొకడు, మీటరు పెట్టుకుని నేనొకణ్ణి. రైతుల దృష్టిలో మేమంతా ఒకే కులం. నాకు పింఛను వస్తుందన్నదొక్కటే తేడా. అందుకే నాకు నా మీటరు మీద కొంచెం ఎక్కువ పట్టుదల ఉండేది.

చర్చి పాస్టరు జ్ఞానరాజు గారు. హోసూరు వైపు మనిషి, ఆయన ఇంట్లోనూ తెలుగే. మంచివాడు. పిల్లలతో పాటు తానూ బిందెలు మోసేవాడు. కానీ చేతికి మైకు వచ్చిందంటే మనిషిని పట్టలేం.

పాత బావికీ వంటింటికీ మధ్య, కంచె పక్కన, నాకు రీడింగు ఒక్కసారిగా పడిపోయింది. అక్కడ రాయి పాతి, సున్నం పూసి, ఒకటి అంకె వేశాను. పాస్టరుగారు ఒప్పుకోలేదు. తాను ఉపవాసముండి ప్రార్థిస్తే దేవుడు చర్చి గుమ్మానికి ఎదురుగా, రోడ్డు మీద పోయే బస్సులకు కనిపించే చోటు చూపించాడన్నారు. దేవుడికి బస్సు ప్రయాణికుల మీద అంత శ్రద్ధ ఉందని నాకు అంతవరకూ తెలియదు. స్థలం వాళ్ళది, కాబట్టి ముందు ఆయన పాయింటు, తర్వాత నాది అని ఒప్పుకున్నాం. ఒప్పుకుంటూ నేను లోలోపల సంతోషించాను కూడా.

శనివారం పొద్దున బోరు బండి వచ్చింది. బోరు వేసేటప్పుడు మా అధికారులు ఉండాలన్న నియమం లేదు. నిజం చెప్పాలంటే పాస్టరుగారి బోరులో నీళ్ళు పడకపోవడం కళ్ళారా చూద్దామని వెళ్ళాను. బండి డ్రైవరు రాగానే షరతు పెట్టాడు. సాయంత్రానికి తాను కారిమంగళంలో ఉండాలి, ఆ తర్వాత మే నెల దాకా ఖాళీ లేదు. ఎండాకాలంలో బోరు బండి దొరకడం కంటే మంత్రిగారి దర్శనం తేలిక. ఆ డ్రైవరే చక్రం కింద నిమ్మకాయ పెట్టి కర్పూరం వెలిగించబోతే పాస్టరుగారు అడ్డుపడ్డారు. కాసేపు వాదులాడుకుని, బండిని వెనక్కి నడిపి, గేటు బయట కర్పూరం వెలిగించి, మళ్ళీ లోపలికి తెచ్చారు. గేటు బయట ఆ దేవుడు, గేటు లోపల ఈ దేవుడు. సరిహద్దు తగాదా లేకుండా పోయింది.

తర్వాత ప్రార్థన. దేవుడు ఏ దిక్కున ఉంటాడో నాకు తెలియదు గానీ, మైకు హారన్ మాత్రం బస్టాపు వైపు తిరిగి ఉంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, ఆ చర్చిలో తాను చేసిన సేవంతా దేవుడికి వరసగా గుర్తు చేశారు. తన ఉపవాసాల లెక్క చెప్పారు. అవతలి వీధి సంఘం వాళ్ళలాగా తాము నామమాత్రపు విశ్వాసులం కామని చెప్పారు. చివరికి మూడు వందల అడుగుల లోపల, నాలుగంగుళాలకు తగ్గకుండా నీళ్ళు కావాలని స్పష్టం చేశారు. మా శాఖ టెండరు నోటీసులో కూడా ఇంత కచ్చితత్వం ఉండదు. గోడకు ఆనించి నున్నటి నల్లరాతి పలక ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది. విశ్వాస ప్రార్థనకు ఫలితంగా దేవుడిచ్చిన నీరు అని దాని మీద అరవంలో చెక్కించారు. కింద పాస్టరుగారి పేరు దేవుడి పేరు కంటే ఒక సైజు పెద్దది. చెక్కినవాడి పొరపాటు అన్నారు.

బోరు దిగడం మొదలైంది. గొట్టం మీద గొట్టం తగిలిస్తుంటే పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. ఇరవై అడుగులకు ఒక గొట్టం. ఇరవై అయిదు గొట్టాలు దిగాయి, అంటే అయిదు వందల అడుగులు. పైకి వచ్చిందల్లా బూడిదరంగు దుమ్ము. తీగల మీద ఆరేసిన యూనిఫారాలన్నీ దుమ్ముకొట్టుకుపోయాయి. పాస్టరుగారి మైకు, పలక, కనుబొమలు కూడా తెల్లబడ్డాయి.

బండిని నా పాయింటుకు జరిపారు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎంత లోతులో తగులుతుంది అని డ్రైవరు అడిగాడు. రెండు వందల అడుగుల్లో తగలకపోతే నన్ను పేరు తిరగేసి పిలవమన్నాను. రెండు వందలు దాటింది. మూడు వందలూ దాటింది. పిల్లలు లెక్కపెట్టడం మానేశారు. అయిదు వందల దగ్గర డ్రైవరు ఇంజిను ఆపి, నన్ను ఏ పేరుతో పిలవాలో తెలియక చూశాడు. బండ మాత్రం అద్భుతమైన బండ. దాని మీద పదంతస్తుల మేడ కట్టుకోవచ్చు.

నాకు అంత సిగ్గు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు. పాయింటు తప్పడం కొత్త కాదు, రాతి నేలలో అది మామూలే. పక్కవాడి పాయింటు తప్పితే నవ్వుకుందామని వచ్చి, నలభై మంది పిల్లల ముందు నేనూ అదే దుమ్ములో నిలబడ్డాను. వాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

పాస్టరుగారు బోరులో దించడానికి తెచ్చిన కేసింగు పైపుల మీద కూలబడ్డారు. పక్కన కూర్చుంటే, నా వైపు చూడకుండానే చెప్పారు. “ఇన్నేండ్లూ దేవునితో మాట్లాడతా ఉండాననుకుంటి సార్. మొకం ఆయన పక్క పెట్టి, మాటలు జనానికి చెప్తా ఉంటి.”

ఆయన కనీసం ఒప్పుకున్నారు, నేను ఇంకా భూమి మీద నెపం పెట్టాలని చూస్తున్నాను.

రూతమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, “ఆ ఇనప పైపేమన్నా అడ్డం తగిలిందా సార్?” అంది.

ఏ పైపు అన్నాను.

“బాయిలోనించి వంటింటికి నీళ్ళొచ్చే పాత పైపు. మట్టిలో అట్లే ఉండాది. మీరు ఆ పొద్దు కడ్డీలన్నీ దాని నెత్తినే గదా పాతినారు.”

ఇనుము గుండా కరెంటు హాయిగా పోతుంది. నా మీటరు నీళ్ళు చూపించలేదు, తుప్పుపట్టిన పైపు చూపించింది. మొదటి ఏడాది ట్రైనింగులో చెప్పే పాఠం ఇది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని రూతమ్మ మీదనే విసుక్కున్నాను.

“మీరు అడగలేదు గదా సార్,” అంది. కోపం లేదు ఆ మాటలో. “మిషను పెట్టుకోని వచ్చినారు, చదువుకున్నోళ్ళు, తెలీకుండా ఉంటాదా అనుకుంటిని. అయ్యగారు దేవునితో మాట్లాడినారు. మీరు మిషనుతో మాట్లాడినారు. నాతో ఎవురు మాట్లాడినారు?”

అప్పుడు అడిగాను. నా ఉద్యోగంలో ఆ గడి కోసం నేను నిజంగా అడగడం అదే మొదలు. బావి గురించి ఏం తెలుసో చెప్పమన్నాను. పూడిక తీసినప్పుడు తాను లోపలికి దిగానని, ఊట ఎప్పుడూ పడమటి వైపు బండ సందులోంచే వచ్చేదని, ఎంత ఎండాకాలమైనా ఆ సందు తడిగానే ఉండేదని చెప్పింది. అంటే పగులు పడమటికి సాగుతోంది. మా ఇద్దరి బోర్లూ దానికి తూర్పునే పడ్డాయి.

డ్రైవరును గంట సేపు ఆగమని బతిమాలాను. భోజనం పెడతామంటే ఆగాడు. బావికి పడమట, పైపుకు దూరంగా, జీపులోంచి కడ్డీలు తెచ్చి కొత్తగా పాతాం. నా సహాయకుడు ఆ రోజు రాలేదు కాబట్టి పాస్టరుగారే సుత్తి పట్టుకున్నారు. తెల్లటి పంచెతో మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, నేను చెప్పిన చోటల్లా కడ్డీ దిగ్గొట్టారు. రీడింగు పడింది, మొదటిసారంత గొప్పగా కాదు. వస్తుందా అని పాస్టరుగారు అడిగారు. తెలియదన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు.

బండి కదిలేముందు అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన మైకు తీగ పీకేసి, రూతమ్మను ప్రార్థన చేయమన్నారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, సిగ్గుపడి, తల వంచుకుంది.

“తండ్రీ, మాకేమీ తెలీదు. నీకు చెప్పేంత పెద్దోళ్ళం కాము. బిడ్లకి నీళ్ళు కావల్ల. ఇస్తే సంతోసం. ఇయ్యకున్నా బిడ్లని మాత్రం ఇడిచిపెట్టద్దు. ఆమెన్.”

అంతే. పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ‘ఇయ్యకున్నా’ అన్న మాట నాకు కొత్త. నేను రాసిన ఏ రిపోర్టులోనూ, విన్న ఏ ప్రార్థనలోనూ ఆ మాట లేదు.

నూట డెబ్బై అడుగుల దగ్గర దుమ్ము ఆగిపోయి, తడి మట్టి ముద్దలుగా వచ్చింది. పిల్లలు మళ్ళీ లెక్కపెట్టడం మొదలెట్టారు. రెండు వందల పది దగ్గర నీళ్ళు చిమ్మాయి. నాలుగంగుళాలు కాదు, ఒకటిన్నర అంగుళం. ఆ హాస్టలుకు అది చాలు. డ్రైవరు కారిమంగళం సంగతి మరిచిపోయి ముఖం కడుక్కున్నాడు. పరీక్షకు పంపిస్తే తాగడానికి పనికొస్తాయనే వచ్చింది. సోమవారం తనిఖీకి వచ్చినవారు బోరు చూసి సంతకం పెట్టారు. జూన్‌లో పిల్లలంతా తిరిగి వచ్చారు.

మరుసటి ఏడాది ఆ దారిన వెళుతూ లోపలికి తొంగిచూశాను. నల్లరాతి పలక బోరు పక్కన బోర్లా పరిచి ఉంది. దాని మీద ఇద్దరు పిల్లలు బట్టలు ఉతుకుతున్నారు. పాస్టరుగారే అలా వేయించారట. ఆయన ప్రార్థన ఇప్పుడెలా ఉందని రూతమ్మను అడిగాను. “కురచయిపోయింది సార్. సాంబారు మాడేలోపల అయిపోతాది,” అంది.

ఆ బోరు రిపోర్టులో ‘స్థానిక విచారణ’ గడిలో ముందు రాసింది కొట్టేసి రూతమ్మ, వంటమనిషి అని రాసి, ఆమె చెప్పింది రెండు వాక్యాల్లో పెట్టాను. పై ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది: ఈ వ్యక్తి అర్హత ఏమిటి? అక్కడే బతికింది అని జవాబు పంపాను. దాని మీద మళ్ళీ ఎవరూ ఏమీ రాయలేదు.

నేను క్రైస్తవుణ్ణి కాను, ప్రార్థన వల్ల నీళ్ళు వస్తాయని సాంకేతికంగా ధ్రువీకరించలేను. నీళ్ళు పగుల్లో ముందే ఉన్నాయి. రెండు బోర్లు వృథా కావడానికి కారణం మాత్రం రాసి ఇవ్వగలను. అడగవలసిన ఇద్దరం అడక్కుండా చెప్పాం. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఆ గడిని జీపులో కూర్చుని నింపలేదు.