బోరు బండి వెనకాల మనిషి

కళ్యాణదుర్గంలో బస్సెక్కి ఒకాయన పక్కన కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో సంచి, అనంతపురానికి టికెట్టు. ప్లాట్ల బ్రోకరునని తానే చెప్పాడు. చేలల్లో బోరు బండి కనిపించినప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు.

"బోర్లతో నీకేం పనన్నా?" అన్నాను.

"నేను ఎవురినీ చేను అమ్మమని అడగనప్పా. బోరు వేయించినోళ్లను పలకరించేకి పోతా, అంతే. నీళ్లు పడితే సంతోషమని చెప్పొస్తా. పడకపోతే కొంచేపు కూచుంటా. రేటెంతని వాళ్లే అడుగుతారు."

సంచి తెరిచి చూపించాడు. రెండు బ్రెడ్డు ప్యాకెట్లు, అరటిపండ్లు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసేందుకు పట్టుకెళ్లే లాంటివి.

నోరు ఊరుకోక, "మా చేన్లో కూడా పొద్దున్నుంచి వేస్తాండారు. ఇది మూడో బోరు" అన్నాను.

"తేమ తగిలిందా, దుమ్మేనా?"

"ఇందాక ఫోన్ చేస్తే దుమ్మే అన్యాడు మా నాయన."

ఆయన సంచి మూతి ముడివేసుకున్నాడు. ఆ తర్వాత కిటికీ వైపు చూడనే లేదు.

మా ఊరు రాగానే లేచాను. ఆయనా లేచాడు.

"నీ టికెట్టు అనంతపురానికి కదన్నా?"

"ఉండనీప్పా. పాపం, మీ నాయన ఒక్కడే ఉంటాడు" అంటూ నాకంటే ముందే దిగాడు. దూరంగా మా చేని మీద తెల్లటి దుమ్ము లేస్తోంది. అటు ఒకసారి చూసి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"రా, ఇల్లు చూపించు."

చూపించాను.

చేను అమ్మింది నాయనే అని ఊళ్లో అందరూ అంటారు. ఆ బ్రోకరును ఇంటికి తెచ్చింది నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.