మూడో టేబుల్

కారు కొనడానికి ఆ షోరూముకు వచ్చినవాళ్ళు వరసగా మూడు టేబుళ్ళ దగ్గర కూర్చోవాలి. మొదటి టేబుల్ దగ్గర ఏ కారో, ఏ రంగో తేలుతుంది. రెండో టేబుల్ దగ్గర లోను, ఇన్సూరెన్సు. సంతకాలు పెట్టీ పెట్టీ వేళ్ళు లాగుతూ, పిల్లలు ఇంటికి పోదామని సణుగుతూ, మనసంతా అద్దాల అవతల నిలబెట్టిన కొత్త కారు మీదే ఉన్న సమయంలో మూడో టేబుల్ దగ్గరికి చేరతారు. దాని వెనక కూర్చునేది ఆమె. రంగు మీద సెరామిక్ కోటింగ్, సీట్లకు మరక పట్టని కోటింగ్, అడుగున తుప్పు పట్టకుండా ఇంకో కోటింగ్. వీటిని అమ్మడమే ఆమె ఉద్యోగం.

"తాళం చేతికొచ్చే ముందు మనిషి కొత్త పెళ్ళికొడుకులాంటివాడు మేడమ్. ఏమడిగినా తలూపుతాడు. అది మన టైము" అనేవాడు మేనేజరు.

మేనేజరు తప్ప మిగతా అందరికీ ఆమె 'వదిన'. ఎందుకంటే ఆమె భర్త ఆ షోరూములోనే, వెనక గోడ అవతల, కోటింగ్ వేసే గదిలో పనిచేసేవాడు. ముందు ఆమె అమ్మేది, వెనక ఆయన వేసేవాడు. పని పూర్తయ్యాక కారు తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని వర్క్‌షాపు వాళ్ళు ఆయనకు 'అద్దం అన్న' అని పేరు పెట్టారు.

ఆయన పని చూడాలంటే ఓపిక ఉండాలి. దుమ్ము లేస్తుందని గదిలో ఫ్యాను కూడా వేయనిచ్చేవాడు కాదు. కారును కడిగి, కంటికి కనిపించని నలుసుల్ని బంకముద్దలాంటి దానితో రుద్ది లాగేసి, అద్దాల సందుల్లో దాక్కున్న నీటిచుక్కను కూడా గాలిపైపుతో తరిమి, అప్పుడు కోటింగ్ మందు సీసా మూత తీసేవాడు. అరచేతి మేర పూయడం, వెంటనే వంగి వెలుతురుకు ఎదురుగా చూడడం, తుడవడం. తొందరపడి తుడిస్తే మందు పట్టదు, ఆలస్యమైతే చారలు కడుతుంది. అయ్యాక మర్నాటిదాకా కారును తడవనిచ్చేవాడు కాదు.

"ఇంకా ఎంతసేపయ్యా? అవతల కస్టమరు గడియారం చూసుకుంటున్నాడు" అని మేనేజరు తలుపు దగ్గర నిలబడి కాళ్ళు మార్చుకునేవాడు.

"రేపు రమ్మనండి సార్. కారెక్కడికీ పారిపోదు" అనేవాడు ఆయన, తల ఎత్తకుండానే.

ఇంట్లో భార్యాభర్తలకు గొడవంటూ వస్తే ఈ కోటింగ్ మీదే వచ్చేది.

"గీతలు పడవా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?" అనేది ఆమె.

"పడతాయని చెప్పు. తాళంచెవితో గీస్తే పడతాయి, రాయి తగిలితే రంగే లేస్తుంది. కోటింగ్ ఏమన్నా ఇనప చొక్కానా? కడగడం తేలికవుతుంది, మెరుపు కొన్నాళ్ళు నిలుస్తుంది. అడుగున కొట్టేదయితే అసలు దండగ, ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు."

"ఇలా చెబితే ఎవరు కొంటారు?"

"ఎండలో కారు పెట్టుకునేవాడు కొంటాడు. మెరుపు మీద పిచ్చి ఉన్నవాడు కొంటాడు. మిగతావాళ్ళకెందుకే?"

ఆమె మధ్యదారి పట్టింది. గీతలు పడవని ఏనాడూ నోటితో అనలేదు. పడతాయనీ అనలేదు. 'చాలా బాగుంటుందండీ' అని నవ్వేది. ఎలాగూ వెనక వేసేది ఆయనే కదా, డబ్బు పెట్టినవాడికి దానికి తగ్గ పని దొరుకుతుందని ధైర్యం.

ఒక వానాకాలం మొదట్లో ఆయనకు కడుపులో నొప్పి మొదలైంది. గ్యాసు అనుకుని మాత్రలు మింగాడు. ఆసుపత్రికి వెళ్ళేసరికి చేయగలిగింది ఏమీ లేదన్నారు. ఆ వానలు వెనకపట్టక ముందే ఆయన పోయాడు.

ఆమె ఏడవలేదు. ఏడుస్తుందేమోనని అందరూ చుట్టూ కూర్చుని ఎదురుచూశారు. తోడికోడలు, అంటే మరిది భార్య, ఇంట్లో అందరూ బుజ్జి అని పిలిచే మనిషి, తన పని మానుకుని వచ్చి దగ్గరే ఉండిపోయింది. వండిపెట్టింది, తల దువ్వింది. పెట్టింది తినడమే తప్ప, ఆకలేస్తోందని ఆమె తనంతట తాను అనేది కాదు.

"ఒక్కసారి గట్టిగా ఏడ్చెయ్యక్కా. బరువు దిగుతుంది" అంది.

ఆమె ప్రయత్నించింది కూడా. నోరు వంకర పోయింది గానీ కంట్లోకి చుక్క రాలేదు. సిగ్గేసి మానేసింది. దుఃఖం ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టుంది. గుమ్మం పక్కన ఆయన బూట్లు ఉండేవి. వాటిని తీయాలనీ అనిపించలేదు, ఉంచాలనీ అనిపించలేదు. ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ ఊడ్చేది.

మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళి మూడో టేబుల్ వెనక కూర్చోబెట్టాయి. ఈలోగా మేనేజరు కొత్త అట్ట అచ్చువేయించాడు. 'గీతలు పడవు. రంగు వెలవదు. ఏళ్ళ తరబడి కొత్త కారే.' ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ గొంతు దాటనివ్వని మాట ఇప్పుడు రోజంతా నోట్లోంచి వస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా, పైన తిరిగే ఫ్యాను చప్పుడు తెలిసినట్టు తెలుసు.

చిత్రమేమిటంటే అమ్మకాలు పెరిగాయి. ఇదివరకు ఆమె నవ్వితే, బతిమాలితే, కస్టమర్లు కాస్త వెనక్కి జరిగేవాళ్ళు. ఇప్పుడు స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతుతో చెబుతోంది. కొంటే కొను, మానితే మాను అన్నట్టుంది. ఈవిడకు అమ్ముకోవాలన్న ఆత్రం లేదు కాబట్టి చెప్పేది నిజమే అయ్యుంటుందని జనం నమ్మారు.

"ఏం మందు పెడుతున్నారో గానీ మేడమ్, మన బ్రాంచి పేరు హెడ్డాఫీసులో మారుమోగుతోంది" అని మేనేజరు ఆమె చేతిలో ఒక షీల్డు పెట్టి ఫొటో తీయించాడు. ఫొటోలో ఆమె కెమెరావైపే చూస్తోంది, అంతకు మించి చెప్పడానికేమీ లేదు.

వెనక గదిలోకి కొత్త పనివాడు వచ్చాడు. నడివయసు మనిషి, చెడ్డవాడు కాదు. కానీ మూడు కార్లు ఒకేసారి లోపలికి తోసి, మూడూ సాయంత్రానికి బయటికి రావాలని మేనేజరు నెత్తిమీద కూర్చుంటాడు. కడగడం, పైపైన తుడవడం, పూసేయడం, లాగేయడం. కస్టమరు చేతిలో టీ చల్లారేలోపు కారు రెడీ. అతనికి 'స్పీడు' అని పేరు పడింది. ఆ పేరుకు అతనే అందరికంటే ముందు నవ్వేవాడు.

ఆ రోజుల్లోనే బుజ్జి కారు కొనుక్కుంది. బుజ్జి ఫిజియోథెరపిస్టు. మంచం పట్టిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి, లేపి నాలుగడుగులు వేయించే పని. బస్సుల్లో తిరిగీ తిరిగీ తన నడుమే పట్టేసేలా ఉందని, చివరికి ముదురు నీలం రంగు చిన్న కారు ఒకటి చూసుకుంది. మొగుడితో కలిసి రెండు టేబుళ్ళు దాటి మూడో దాని ముందు కూర్చుంది.

"ఇక్కడ నువ్వుంటావనేగా అక్కా ఈ షోరూముకే వచ్చాం! ఇదేదో కోటింగ్ అంటున్నారు. నిజంగా కావాలంటావా?"

ఆమె అట్ట తిప్పి వాళ్ళవైపు పెట్టింది. "సెరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పడవండీ. రంగు వెలవదు. పక్షి రెట్టలు, చెట్ల జిగురు పట్టవు."

మరిది తన భార్య మొహంలోకి చూశాడు. సొంత వదిన తమను 'అండీ' అనడం అతనికి వింతగా తోచింది. బుజ్జి మాత్రం అట్టవైపు కాక ఆమెవైపు చూసి, "సరే అక్కా, నువ్వు చెప్పాక ఇంకేముంది" అని సంతకం పెట్టేసింది. ఆమె కాగితం చింపి ఇచ్చి, వెనక నిలబడ్డ వాళ్ళను కూర్చోమంది.

ఎండాకాలం వచ్చి వెళ్ళింది. ఒక సెలవురోజు పొద్దున బుజ్జి కూరగాయలు పట్టుకుని ఇంటికొచ్చింది. సంచి అందుకోవడానికి ఆమె వీధిలోకి వెళ్ళింది. కారు ఎండలో ఉంది. బానెట్ మీద పావలా బిళ్ళలంత వెలిసిపోయిన మచ్చలు. తలుపు పొడవునా, సగం తుడిచి వదిలేసిన కిటికీ అద్దంలా చారలు. ఏ చార ఎందుకు పడిందో చెప్పగలిగినంత కాలం ఆమె ఒక మనిషి పక్కన బతికింది.

"ఇదేంటి?"

"ఏం లేదక్కా, పిట్టలు. పేషెంట్ల ఇళ్ళ ముందు ఎక్కడ చోటు దొరికితే అక్కడ పెడతానుగా, ఎండయినా చెట్టు కిందయినా."

"షోరూముకి తీసుకెళ్ళలేదా?"

"తీసుకెళ్ళా. నువ్వు లంచ్‌కి పోయినప్పుడు. రెట్టలు వారంటీలోకి రావన్నారు. పోనీలే, కారు నడుస్తోందిగా!"

"నాకు చెప్పలేదేం?"

బుజ్జి కారు తాళాన్ని వేలికి తిప్పింది. "ఒకటడుగుతా, ఏమనుకోవుగా? ఆ రోజు అట్ట చూపించి మాట్లాడావు చూడు, అప్పుడు ఎదురుగా ఉన్నది నేనని నీకు తెలుసా?"

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి కూడా కాస్త శక్తి కావాలి.

"తెలియదు" అంది.

"నేనూ అదే చెప్పా మీ మరిదితో. అక్క మనల్ని చూడలేదండీ, చూసుంటే చెప్పేదే, అన్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. ఎవరైనా తనను తిట్టాలి అనిపించడం కూడా చాలాకాలానికి అదే మొదలు.

సంచి గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్ళి, అటకమీంచి ఆయన పెట్టె దించింది. అందులో గుడ్డలు, పాలిష్ డబ్బా, రుద్దే స్పాంజి బిళ్ళలు ఆయన మడిచి సర్దినట్టే ఉన్నాయి. కారును గోడ నీడలోకి పెట్టించింది. ఏళ్ళ తరబడి చూడడమే తప్ప ఆమె ఏనాడూ చేసింది లేదు. చెయ్యి తిరగలేదు. మొదట గట్టిగా నొక్కింది, తరవాత మరీ మెల్లగా. బుజ్జి బకెట్టు పట్టుకుని, "ఇటు అక్కా, ఇక్కడ ఇంకా ఉంది, అబ్బ, నా పేషెంట్లు నయం నీకంటే" అని వెక్కిరిస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటేసరికి చారలు పోయాయి. బానెట్ మీద కొన్ని మచ్చలు తగ్గాయి. రెండు మాత్రం కదల్లేదు. అవి రంగులోకి దిగిపోయాయి.

"ఇవి పోవు" అంది ఆమె నడుం పట్టుకుని.

"పోకపోతే ఉండనీ. మళ్ళీ కోటింగ్ వేయించనా?"

"వద్దు. పద్ధతిగా వేసేవాళ్ళు దొరికితే, రోజూ ఎండలో పెట్టే కారుకు పనికొస్తుంది. మా దగ్గర ఇప్పుడు వేస్తున్నది దేనికీ పనికిరాదు. రెట్ట పడ్డ రోజే తడిగుడ్డ కప్పి, నానాక తుడిచెయ్. గోకకు. నీడలో కడుగు."

తరవాత షోరూములో ఆమె అట్టను సొరుగులో పెట్టేసింది. అడిగినవాళ్ళకు ఉన్నదే చెప్పింది. గీతలు పడతాయండీ. అడుగున కోటింగ్ అక్కర్లేదండీ. సీట్లకా, పిల్లలుంటే కవర్లు వేసుకోండి. గొంతు మాత్రం అదే. దాంతో జనం ఈ మాటలనూ నమ్మారు. ఎప్పుడో ఒకరు తప్ప ఎవరూ కొనలేదు.

మేనేజరు గదిలోకి పిలిచాడు.

"ఒంట్లో బాగుండడం లేదా మేడమ్?"

"బాగానే ఉంది సార్."

"మరి అట్టమీద ఉన్నది చదవడానికేం?"

"అది నిజం కాదు సార్."

"ఇన్నాళ్ళూ చదివారుగా?"

"చదివాను."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అన్న పోయాక మిమ్మల్ని ఇంటిమనిషిలా చూసుకున్నాం. కాదనగలరా?"

"కాదనను సార్. వెనక గదిలో ఆయన వేసినట్టు వేయించండి. ఎండలో పెట్టే కార్లవాళ్ళకు నేనే దగ్గరుండి అమ్ముతాను."

"ఒక్కో కారూ మర్నాటిదాకా అట్టిపెడితే నేను షోరూము మూసుకుని మీ ఇంటి ముందు కూర్చోవాలి" అన్నాడు మేనేజరు. కోపంగా కాదు, నిజంగానే దిగులుగా అన్నాడు. నెత్తిమీద కూర్చునేవాళ్ళు ఆయనకూ ఉన్నారు.

ఉద్యోగం పోలేదు. పైఅంతస్తులో ఫోన్ల దగ్గరికి మార్చారు. మీ కారు సర్వీసుకు వేళయిందండీ అని గుర్తుచేసే పని. షీల్డు ఫలానా వాళ్ళదని ఎవరికీ పట్టలేదు, అది కింద టేబుల్ మీదే ఉండిపోయింది. ఆ టేబుల్ వెనక ఇప్పుడు చక్కగా నవ్వే ఒక అమ్మాయి కూర్చుంటోంది. అమ్మకాలు ఒక మోస్తరుగా ఉన్నాయని విన్నది.

స్పీడు ఒకసారి మెట్లెక్కి వచ్చి, టీ గ్లాసు ఆమె ముందు పెట్టి నిలబడ్డాడు.

"నా పని వల్లేనా వదినా మిమ్మల్ని పైకి పంపారు?"

"నీ వల్ల కాదులే. నువ్వు చేయగలిగినంతే చేస్తున్నావు."

"అన్న సంగతి అందరూ చెబుతారు. నాకూ అలా చేయాలనే ఉంటుంది" అన్నాడతను. ఇంకేదో అనబోయి, కింది నుంచి కేక వినిపిస్తే దిగిపోయాడు.

పైఅంతస్తులో పని బాగానే ఉంది. ఫోనులో ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ఇంట్లో బూట్లు ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉన్నాయి. కన్నీళ్ళు ఇప్పటికీ రాలేదు. బుజ్జి కూడా ఏడవమని చెప్పడం మానేసింది. దానికి బదులు సెలవురోజుల్లో వచ్చి హారన్ కొడుతుంది. తను పేషెంటు ఇంట్లో ఉన్నంతసేపూ కారులో కూర్చోవడానికి ఒక మనిషి కావాలట. లేకపోతే ట్రాఫిక్ వాళ్ళు కారు ఎత్తుకుపోతారట. ఆ ఇళ్ళన్నీ సందుల్లో ఉన్నాయనీ, అక్కడికి ట్రాఫిక్ వాళ్ళు రారనీ ఆమెకు తెలుసు. అయినా వెళ్ళి కూర్చుంటుంది.

మొన్న అలా కూర్చుని, కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. బుజ్జి తిరిగొచ్చి, లేపకుండా బండి పోనిచ్చింది. ఎక్కడో స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆమెకు మెలకువ వచ్చింది. మొహం తుడుచుకుని బయటికి చూసింది.

"ఎక్కడున్నాం?"

"ఇంకో పేషెంటు ఉన్నారక్కా. అదయ్యాక ఇంటికే."

"ఆకలేస్తోందే" అంది ఆమె.

బుజ్జి అద్దంలో వెనక చూసుకుని, ఇండికేటరు వేసి, బండిని రోడ్డు పక్కన టిఫిన్ సెంటరు ముందుకు తీసింది.